సూపర్‌చార్జర్ బిగిద్దాం – 3వ పాఠం: కిట్ పెట్టె తెరిచే ముందు

పోయిన పాఠంలో రూట్స్ రకం సూపర్‌చార్జర్ ఎలా పనిచేస్తుందో చూశాం. క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన షాఫ్ట్ కొసనున్న చక్రం) నుంచి బెల్టుతో తిరుగుతూ, ఇంజన్ తనంతట తాను పీల్చుకునే దానికంటే ఎక్కువ గాలిని లోపలికి తోస్తుంది. మన పాఠాలకు పెట్టుకున్న కారు అదే: మొదటి తరం మజ్దా మియాటా, 1990 మోడల్, 1.6 లీటర్ల ఇంజన్.

కిట్‌తో వచ్చిన సూచనల పుస్తకాన్ని ముందు చివరిదాకా చదివేయండి. రెండోసారి చదివేటప్పుడు అందులో రాయకుండా వదిలేసిన సంగతుల కోసం చూడండి. అది రాసినవాళ్ల మనసులో ఉన్నది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారు. మీ ముందున్నది ముప్పై ఏళ్లు దాటి, ఎందరో ఓనర్ల చేతులు మారిన కారు. ఈ తేడా పోగొట్టకుండా బిగిస్తే, ప్రతి సూచననూ అక్షరం పొల్లుపోకుండా పాటించినా ఇంజన్ దెబ్బతినొచ్చు. అందుకే ఈ పాఠమంతా తనిఖీకే.

అన్నిటికంటే ముఖ్యం ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ఏ క్షణాన పడాలన్నది. ఈ ఇంజన్‌కు కంపెనీ పెట్టింది టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటికి, క్రాంక్ తిరుగుడులో 10 డిగ్రీల ముందు. కాస్త చురుకుదనం కోసం చాలామంది ఓనర్లు దాన్ని 14 దాకా జరిపేవాళ్లు. మామూలు ఇంజన్‌లో ఆ నాలుగు డిగ్రీలు చెల్లిపోతాయి. సూపర్‌చార్జర్ పెట్టాక సిలిండర్‌లో ఒత్తిడి, వేడి బాగా పెరుగుతాయి. పైగా ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లోని గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) 9.4, తక్కువేమీ కాదు. అప్పుడు స్పార్క్ తొందరగా పడితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలై, పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగే దాకా పోతుంది.

చూసే పద్ధతి ఇది. ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి. ఏసీ, లైట్లు ఆపేయండి. బానెట్ కింద డయాగ్నస్టిక్ డబ్బా మూత తీస్తే లోపలివైపు టెర్మినళ్ల పేర్లు ఉంటాయి. టెన్, గ్రౌండ్ అన్న రెంటినీ చిన్న వైరుతో కలపండి. అలా కలిపితేనే కంప్యూటర్ టైమింగ్‌ను తనకు తోచినట్టు జరపడం ఆపుతుంది. ఈ పని చేయకుండా తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. తర్వాత రేడియేటర్ వైపున్న ఒకటో సిలిండర్ ప్లగ్ వైరుకు టైమింగ్ లైట్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే దీపం) తగిలించి, పుల్లీ మీది గీత కవర్ మీది 10 దగ్గర నిలుస్తోందో లేదో చూడండి. డిజిటల్ లైట్ కంటే సాదా లైటే మేలు. ఇక్కడ ఒకే కాయిల్ 1, 4 సిలిండర్లకు కలిపి స్పార్క్ ఇస్తుంది కాబట్టి కొన్ని డిజిటల్ లైట్లు తికమకపడతాయి. గీత తప్పితే, హెడ్ వెనక ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, క్యాబిన్‌కు మధ్య గోడ) దగ్గరున్న క్యామ్ యాంగిల్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది) బోల్టు వదులు చేసి, సెన్సర్‌ను వెంట్రుకవాసి తిప్పండి. బోల్టు బిగించాక మళ్లీ చూడండి, బిగింపులో అది కదిలిపోతుంటుంది.

రెండోది క్రాంక్ ముక్కు, అంటే పుల్లీ బిగించే క్రాంక్‌షాఫ్ట్ కొస. 1991 మధ్య వరకు వచ్చిన ఇంజన్లలో అది పొట్టిది. పుల్లీ బోల్టు వదులై, లోపలి కీ (పుల్లీ జారకుండా పట్టే చీల) అరిగిపోయే జబ్బు వీటికి ఉంది. పుల్లీ బాస్‌లో (మధ్య దిమ్మలో) నాలుగు గాడులుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగుది. ఇంజన్ నడుస్తుండగా పుల్లీని పక్కనుంచి చూడండి. కొంచెం ఊగుతున్నా సరే, సూపర్‌చార్జర్ మాట అక్కడే ఆపేయాలి. సూపర్‌చార్జర్ బెల్టును తిప్పేది ఆ పుల్లీయే.

కంప్రెషన్ టెస్ట్ (గేజ్‌తో సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) కూడా చేయండి. ఇంధనం, స్పార్క్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, నాలుగు సిలిండర్ల అంకెలు రాసుకోండి. ఒకటి బాగా తగ్గితే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే లోపం రింగుల్లో ఉన్నట్టు, పెరగకపోతే ఎక్కువగా వాల్వుల్లో. పాత రబ్బరు గొట్టాలు నొక్కితే గట్టిగా తగిలినా, పగుళ్లు కనబడినా మార్చేయండి.

ఇక టార్క్ అంకెలు, అంటే బోల్టు ఎంత గట్టిగా బిగించాలో చెప్పేవి. అమెరికా కిట్లలో పెద్ద బోల్టులకు ఫుట్-పౌండ్లు, చిన్నవాటికి అంగుళం-పౌండ్లు ఇస్తారు. ఒక ఫుట్-పౌండ్ అంటే 12 అంగుళం-పౌండ్లు. ఒకదాన్ని ఇంకోటిగా చదివితే అల్యూమినియం మరలు ఊడి చేతికొస్తాయి. పుస్తకంలో ప్రతి అంకె పక్కన ఏ కొలతో పెన్సిల్‌తో రాసుకోండి.

వచ్చే పాఠానికి టైమింగ్ కొలత, నాలుగు కంప్రెషన్ అంకెలు, పుల్లీ గాడుల లెక్క ఒక కాగితం మీద సిద్ధంగా ఉంచుకోండి. పాత ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి తెచ్చే భాగం) విప్పడం అక్కడినుంచి మొదలుపెడదాం.