నొప్పి కంటే ముందే మాత్ర

మా నాయనకు దవడ క్యాన్సర్. ఇంక ఆపరేషన్ వద్దు, రేడియేషన్ వద్దు అన్నాక చంద్రగిరికి, మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆ ఐదు నెలల్లో చేతికి అలవాటైనవి రాస్తున్నా. మోతాదు మాత్రం మీ డాక్టరు చెప్పిందే.

మొదట్లో నాయన మూలిగేదాకా ఆగి మార్ఫిన్ అనే నొప్పి మాత్ర ఇచ్చేవాళ్లం. "ఊరికే మింగిస్తే అలవాటు పడతాడే" అని మా పెద్దమ్మ గోల. నొప్పి ముదిరినాక వేసిన మాత్ర పనిచేసేలోపు మనిషి చెమటతో తడిసిపోయేవాడు. మామూలు మార్ఫిన్ మాత్ర బలం నాలుగు గంటలే. అందుకే గడియారం చూసి ఇవ్వాల: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. నడిరేయి లేపే పని లేకుండా రాత్రి 10కి రెట్టింపు రాసినారు. నిద్రపోతున్నాడులే పాపమని ఒకరోజు 2 గంటల మాత్ర మానేస్తిని. ఆ సాయంత్రం పగవాడికి కూడా వద్దు.

మధ్యలో నొప్పి లేస్తే డాక్టరు చెప్పిన అదనపు మాత్ర వేసి, నోటుబుక్కులో టైము రాసుకోండి. ఆ లెక్క చూసే మోతాదు పెంచుతారు. మింగలేకపోతే మామూలు మాత్ర నూరి నీళ్లలో కలపొచ్చు. పన్నెండు గంటలు పనిచేసే రకాన్ని మాత్రం ఎప్పుడూ నూరకూడదు. ఉన్నట్టుండి మందు మానేయకూడదు కూడా.

మత్తు, వాంతి వచ్చినట్టుండడం కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు. అరటిపండుతో పోయేది కాదది, విరేచనం మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. లేపినా లేవనంత మత్తు, ఊపిరి మరీ నెమ్మదించడం, చేతులు ఉలికిపడడం కనబడితే తరువాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 2014లో మత్తుమందుల చట్టం సడలించినా అనుమతి ఉన్న చోటే ఇస్తారు. తిరుపతిలో స్విమ్స్‌లోనో, అలిపిరి దగ్గరున్న క్యాన్సర్ ఆసుపత్రిలోనో విచారించండి. వారానికి సరిపడా మాత్రలు మిగిలుండగానే మళ్లీ పోండి. బ్రహ్మోత్సవాల జనంలో ఇరుక్కుని, ఒక్క పూట మాత్రలతో నేను పడిన అవస్థ మీకొద్దు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పల్చటి రాగి అంబలి, చల్లార్చి, చెంచాతో, అడిగినంతే. బలవంతం చేసే చుట్టాలను వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి.

దవడ మీద పుండు పగిలినాక నొప్పి కంటే వాసనే ఎక్కువ బాధపెట్టింది. నాయన మనవడిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నర్సు నేర్పినట్టు, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, క్రిములను చంపే మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పుండు మీద చల్లినాం. కొన్ని రోజుల్లోనే వాసన తగ్గింది. గాజుగుడ్డ అంటుకుంటే పీకొద్దు, ఉప్పునీళ్లతో నానబెట్టి తీయండి. నొప్పికిచ్చే అదనపు మాత్ర కట్టు మార్చే అరగంట ముందే వేస్తే మేలు.

మెడ దగ్గర పుండు ఒక్కోసారి ఎక్కువగా రక్తం కారుతుంది. తెల్లగుడ్డ మీద ఆ రక్తం చూస్తే రోగీ భయపడతాడు, మనమూ భయపడతాం. ముదురు ఎరుపు టవలు మంచం దగ్గరే ఉంచండి. మేం ఉంచుకున్నది వాడే అవసరం పడలేదు. ఇప్పుడది వంటింట్లో గిన్నెలు దించడానికి ఉండాది.