కథలో మనిషి – మూడో పాఠం: పాత్రకు బాకీ పెట్టండి

గత పాఠంలో సూరిబాబుకి ఒక కోరిక ఇచ్చాం, దానికో గడువు పెట్టాం. కోనసీమలో ఉప్పలగుప్తం వైపు, కాలువ శివారులో మూడెకరాలు కౌలుకి చేస్తున్నాడు. మార్చి నెల. దాళ్వా (రెండో పంట) వరి చేను పొట్ట మీద ఉంది, కంకి ఇంకా బయటికి రాలేదు. కాలువ నీళ్లు వంతులవారీగా వస్తాయి, ఈ వంతుకి అందకపోతే గింజ పట్టక కంకి తాలు పోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది కానీ, ఈ కష్టం ఆ శివారులో ఏ రైతుకైనా ఉండేదే. సూరిబాబు అంటూ ఇంకా ఎవరూ తయారవలేదు.

ఇక్కడికొచ్చాక చాలామంది గుణాలు అతికించడం మొదలెడతారు. ముక్కోపి, మనసు మాత్రం వెన్న, చుట్ట మానలేడు... ఇలా పది రాసుకున్నా కథ అడుగు కదలదు. ముక్కోపి ఇవాళ కోప్పడొచ్చు, మానొచ్చు. బాకీ ఉన్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు. అవతలివాడు ఎదురైతే ఏదో ఒకటి చేసి తీరాలి, తప్పుకుపోయినా అదీ చేసినట్టే.

ఒక కాగితం మధ్యలో నిలువుగీత గీయండి. ఎడమవైపు ఇతను ఎవరెవరికి బాకీ, కుడివైపు ఇతనికి ఎవరెవరు బాకీ. ముందు డబ్బు లెక్క వేయండి, అంకెలు దాటేయకుండా. సూరిబాబుది ఇలా వేద్దాం: ఎకరానికి 40 బస్తాలు పండితే మొత్తం 120. కౌలు ఎకరానికి 16 చొప్పున 48 పోతే మిగిలేది 72. ఎరువుల కొట్టు ఖాతా, కోత మిషను, కూలీ అన్నీ కలిపి 60 బస్తాల విలువ. చేతికొచ్చేది 12. అదే తాలు పోయి ఎకరానికి 25కి పడిపోతే పండేది 75, కౌలు మాత్రం అదే 48. మిగిలిన 27 బస్తాలతో 60 తీర్చాలి. 33 బస్తాలు లోటు. భూమి యజమాని హైదరాబాదులో ఉంటాడు, కౌలుదారుకి బ్యాంకు అప్పుకి ఆధారమయ్యే కౌలు కార్డుకి సంతకం పెట్టడు, కాబట్టి బ్యాంకు దారి లేదు. ఈ లెక్క కథలోకి రానక్కర్లేదు. మీ దగ్గర ఉంటే చాలు, ఎరువుల కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు అతను సైకిలు ఎందుకు తొందరగా తొక్కుతాడో మీకు తెలుస్తుంది.

తర్వాత డబ్బుతో తీరని బాకీ ఒకటి రాయండి. ఒక్కటే. బోదెకి (చేలకి నీరు తెచ్చే పిల్లకాలువకి) ఎగువన చేనున్న వెంకట్రావు, ఓ అర్ధరాత్రి సూరిబాబు తల్లిని తన ఆటోలో అమలాపురం ఆసుపత్రికి చేర్చాడు. ఆమె బతికింది.

ఇప్పుడు అసలు పని: ఆ రుణదాతనే కోరికకి అడ్డంగా నిలబెట్టండి. వంతు సూరిబాబుది, బోదె మీద ఇంజను పెట్టి తోడుతున్నది వెంకట్రావు. అతన్ని దుర్మార్గుణ్ణి చేస్తే మీరు కట్టిందంతా కూలిపోతుంది. తిట్టేసి నీళ్లు తెచ్చుకోవడం అప్పుడు సులువు. అందుకే అతనికీ కారణం ఇవ్వాలి: అతనిది మెరక చేను, ఇంజను లేనిదే నీరెక్కదు, అతని చేనూ పొట్ట మీదే ఉంది.

సూరిబాబు ముందు ఎన్ని దారులున్నాయో రాసి, ప్రతిదానికీ ఖరీదు కట్టండి. కాలువ నీళ్ల పంపకం చూసే లస్కరుకి చెబితే మేలు మరిచినవాడవుతాడు. రాత్రిపూట గట్టు తెంపితే దొంగవుతాడు. ఊరుకుంటే 33 బస్తాలు. ఖరీదు లేని దారి ఒక్కటి మిగిలినా పాఠకుడు “అలా చేయొచ్చుగా” అనుకుని పుస్తకం మూసేస్తాడు. దాన్ని కథ మొదట్లోనే మూసేయండి. పక్క బోదె నుంచి తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తే, ఆ బోదె ఎండిందని రెండో పేరాలోనే ఎవరిచేతైనా అనిపించండి.

ఇక మాట. గోదావరి జిల్లా అనగానే ప్రతి వాక్యానికీ “అండి”, నాలుగు చోట్ల “ఆయ్” తగిలించేవాళ్లున్నారు. అది యాస అనిపించుకోదు, వేషం. సంబోధన ఎక్కడ మారుతుందో చూడండి, పని అక్కడ జరుగుతుంది. వెంకట్రావుతో రోజూ “ఏం బావా, ఇంజను లాగుతోందా?” అనేవాడు ఆ రోజు మాత్రం “తోడుకోండి, మాదేముందిలెండి” అంటే, “కోపంగా అన్నాడు” అని మీరు రాయక్కర్లేదు. అదే సూరిబాబు లస్కరు ముందు “ఆయ్, మీకు తెలీనిదేముందండీ” అంటాడు, ఇంట్లో భార్య అడిగితే “ఏదో ఒకటి అవుద్దిలే” అని కంచం ముందు కూర్చుంటాడు. మూడు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకేలా ఉంటే పాత్ర మీ గొంతుతో మాట్లాడుతున్నట్టే, తిరగరాయండి.

తెలిసిన సంగతులన్నీ కుక్కే జబ్బు గురించి కూడా ఓ మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని గట్టు మీద నిలబడ్డ సూరిబాబు తలుచుకోడు. బోదెలో నీరు నిన్నటికన్నా ఎన్ని వేళ్లు తగ్గిందో చూస్తాడు. పాత్ర కంటికి ఆ క్షణాన ఆననిది, ఎంత నిజమైనా, తీసేయండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: వెంకట్రావు, సూరిబాబు గట్టు మీద కలిసే ఘట్టం, 300 మాటల్లో. ఆసుపత్రి మాట ఇద్దరూ ఎత్తకూడదు. ఇద్దరి మనసులోకీ మీరు వెళ్లకూడదు. రాశాక, వాళ్ల మధ్య పాత మేలేదో ఉందని పాఠకుడికి ఏ వాక్యం దగ్గర అనుమానం వస్తుందో గుర్తు పెట్టండి. అలాంటి వాక్యం దొరక్కపోతే లోపం సంభాషణలో వెతక్కండి, కాగితం ఎడమవైపుకి వెళ్లండి. అక్కడి బాకీ చిన్నదై ఉంటుంది.