పిల్లలతో వచ్చేవాళ్లకి: విమానం దిగే ఆ చివరి అరగంట గురించి

మొన్న శనివారం తెలిసినవాళ్లని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. అతను ఈ దేశం వచ్చి ఏడు నెలలైంది, భార్య, ఏడాదిన్నర పాప ఇప్పుడే మొదటిసారి వస్తున్నారు. ఆ అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ బయటికి వచ్చింది. చంకలో పాప, ఎడమ చెవి మీద చిన్న అరచెయ్యి గట్టిగా అదిమి పట్టుకుని వెక్కిళ్లు పెడుతోంది. "దారంతా బంగారంలా ఉంది అక్కా, చివర్లో ఏమైందో తెలీదు, ఎంత ఎత్తుకున్నా ఊరుకోలేదు, అందరూ నన్నే చూశారు" అంటూ తను కూడా ఏడ్చేసింది. ఏమైందో నాకు ఆ చెయ్యి చూడగానే తెలిసిపోయింది. మూడేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇలాగే బయటికి వచ్చాను. నీకు చెవుల సంగతి ఎవరూ చెప్పలేదా అని అడిగితే, సూట్‌కేసుల బరువు గురించి మాత్రం పదిమంది చెప్పారంది.

అందుకే ఇది రాస్తున్నాను. పాస్‌పోర్టులు, వీసాలు, టికెట్ల సంగతి మీరు చూసుకోగలరు, వాటి జోలికి వెళ్లను. చెవుల సంగతి మాత్రం దయచేసి పూర్తిగా చదవండి.

మావాడికి అప్పుడు 14 నెలలు. మా ఆయన రెండు నెలల ముందే వచ్చేశారు కాబట్టి వాణ్ని తీసుకుని నేనొక్కదాన్నే బయలుదేరాను. ముందు రోజు నుంచే వాడికి ముక్కు కారుతోంది. జలుబే కదా అన్నారు ఇంట్లో, నేనూ అదే అనుకున్నాను. మొదటి విమానం దిగేటప్పుడు వాడు మెలకువగా ఉండి పాలు తాగుతున్నాడు, ఏ గొడవా లేదు. రెండోది పదమూడు గంటలు. పన్నెండు గంటలు వాడు నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. సరిగ్గా ఇంకో గంటలో దిగుతామనగా నా భుజం మీద సోలిపోయాడు. పక్క సీటావిడ "పడుకోనివ్వమ్మా, దిగాక లేపొచ్చు" అంది. నాకూ లేపడానికి మనసు రాలేదు, నేనూ కళ్లు మూసుకున్నాను. ఇరవై నిమిషాల తర్వాత వాడు వేసిన కేక ఇప్పటికీ గుర్తుంది. అది ఆకలి ఏడుపు కాదు, నిద్ర చాలని ఏడుపు కాదు. వాడిది అలాంటి గొంతు నేను అంతకుముందు వినలేదు.

అసలు లోపల జరిగేది ఏమిటంటే, విమానం పైన ఎగురుతున్నంతసేపూ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఎంత ఉంటుందో అంత ఉంటుంది. దిగేటప్పుడు అది మళ్లీ పెరుగుతూ వస్తుంది. మన కర్ణభేరి వెనక ఒక చిన్న గాలి గది ఉంది, దానికీ గొంతు పైభాగానికీ మధ్య సన్నటి గొట్టం ఉంది, యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. మింగినప్పుడు, ఆవలించినప్పుడు ఆ గొట్టం ఒక్క క్షణం తెరుచుకుంటుంది, గాలి లోపలికి పోయి రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది. చెవి టప్‌మని విడినట్టు మనకి అనిపించేది అదే. పైకి వెళ్లేటప్పుడు లోపలి గాలి చాలావరకు దానంతటదే బయటికి వచ్చేస్తుంది, అందుకే ఎక్కేటప్పుడు ఇబ్బంది తక్కువ. దిగేటప్పుడు గాలి లోపలికి వెళ్లాలి. గొట్టం మూసుకుని ఉంటే వెళ్లదు, కర్ణభేరి లోపలికి పీక్కుపోతుంది, నొప్పి పుడుతుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం మనకన్నా సన్నగా, పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే లోపల వాచి ఇంకా బిగుస్తుంది. దానికి తోడు నిద్రలో మింగడం బాగా తగ్గిపోతుంది. జలుబు, నిద్ర, దిగడం, ఈ మూడూ ఒక్కసారే కలిశాయి మావాడికి.

కాబట్టి దిగే ముందు లేపండి. నిద్రపోతున్న బిడ్డని లేపడం పాపం అనిపిస్తుంది, తెలుసు, అయినా లేపండి. సీటు ముందున్న తెర మీద మ్యాప్ పెట్టుకుంటే అందులో ఎత్తు కనిపిస్తుంది, 36,000, 38,000 అడుగులు అని. ఆ అంకె తగ్గడం మొదలైందంటే మీ పని మొదలైనట్టే, అప్పటికి నేల తాకడానికి దాదాపు అరగంట ఉంటుంది. సీటు బెల్టు లైటు వెలిగేదాకా కూర్చుంటే ఆలస్యమైపోవచ్చు. ఇంకా గంట ఉండగానే డైపర్ మార్చేసి, పాలకి గోరువెచ్చటి నీళ్లు అడిగి తెచ్చిపెట్టుకోండి, ఎందుకంటే చివర్లో సిబ్బంది కూడా అన్నీ సర్దేసి వాళ్ల సీట్లలో కూర్చుంటారు, అప్పుడు అడిగినా ఇవ్వలేరు. పాలు ముందే తాగించేస్తే దిగేటప్పుడు తాగడు, ఆ ఒక్క బాటిల్ దానికోసమే అట్టే పెట్టండి. తల్లిపాలు తాగే పిల్లలైతే మరీ సుఖం. తాగించేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టకుండా తల కాస్త ఎత్తులో పెట్టుకోండి. గబగబా తాగించేయకండి, కాసేపు తాగించి, ఆపి, మళ్లీ ఇస్తూ నేల తాకేదాకా సాగదీయాలి. పాలు మానేసిన పిల్లలకి స్ట్రా ఉన్న సీసాలో నీళ్లు, లేదా నమలడానికి మెత్తటి తిండి ఏదైనా. చప్పరించే బిళ్లలు మాత్రం నాలుగేళ్ల లోపు వాళ్లకి వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. మధ్యలో విమానం మారుతుంటే ప్రతి దిగుడుకీ ఇదంతా మళ్లీ చేయాల్సిందే, ఒకసారి బాగానే గడిచింది కదా అని రెండోసారి నాలా వదిలేయకండి.

బయలుదేరే వారంలో ముక్కు కారుతుంటే, జ్వరం ఉంటే, చెవి పదే పదే లాక్కుంటుంటే డాక్టర్‌కి చూపించకుండా విమానం ఎక్కకండి. చెవి లోపలికి లైటు వేసి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. ప్రయాణం రెండు రోజులు వాయిదా వెయ్యమంటే వెయ్యండి. టికెట్ మార్చడానికి డబ్బులు పోతాయని నాకూ తెలుసు, ఆ డబ్బుల గురించి ఆలోచించే నేను కూడా ఎక్కేశాను. ఇంకొకటి, ఇది కాస్త కోపంగానే చెప్తున్నాను: దారిలో నిద్రపోతాడని జలుబు సిరప్ పట్టించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. అలాంటి మందులు కొంతమంది పిల్లల్ని నిద్రపుచ్చకపోగా ఇంకా రెచ్చగొడతాయి, ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. ముక్కు బిగిస్తే సెలైన్ చుక్కలు వేసుకోవచ్చు, మిగతాదేదైనా డాక్టర్ చెప్తేనే.

మా కథలో తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లకి అసలు కష్టం అక్కడే ఉంది. ఇంటికి చేరాక రెండు రాత్రులు వాడు పడుకోలేదు. మేం టైం మారింది కదా, అలవాటు పడుతున్నాడు అనుకున్నాం. మూడో రాత్రి ఉన్నట్టుండి ఏడుపు ఆపేసి నిద్రపోయాడు, హమ్మయ్య అనుకున్నాం. పొద్దున్న చూస్తే దిండు గలీబు మీద రూపాయి బిళ్లంత పసుపు మరక, ఇంకా తడిగా ఉంది. కర్ణభేరికి చిన్న చిల్లు పడి లోపలి చీము బయటికి వచ్చేసింది, ఒత్తిడి తగ్గింది కాబట్టి నొప్పీ తగ్గింది. ఆ సంగతి అప్పుడు మాకు తెలీదు. తెలిసిందల్లా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో తెలీదన్నదే. ఇన్సూరెన్స్ కార్డు ఇంకా పోస్టులో రాలేదు. ఒకచోట ఫోన్ చేస్తే కొత్త పేషెంట్లకి మూడు వారాల తర్వాత అన్నారు. ఇంకోచోట అడిగే ప్రశ్నలు నాకు అర్థం కాలేదు, ఫోన్ మా ఆయనకి ఇచ్చేసి బాత్రూమ్‌లోకి వెళ్లి కూర్చున్నాను. సాయంత్రానికి ఎలాగో ఒక క్లినిక్ దొరికింది.

ముందుగా వచ్చి ఉన్న భర్తలకి చెప్తున్నాను (భార్య ముందొస్తే భార్యకి): వాళ్లు వచ్చేలోపు సోఫా కొనకపోయినా ఫర్వాలేదు. పిల్లల డాక్టర్ ఎవరో చూసి, కొత్తవాళ్లని తీసుకుంటారో లేదో అడిగి, పేరు రాయించండి. రాత్రిపూట, సెలవురోజుల్లో ఎక్కడికి వెళ్లాలో, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇన్సూరెన్స్‌లో పిల్లల పేరు ఏ రోజు నుంచి చేరుతుందో కనుక్కోండి. ఇవన్నీ వాళ్లొచ్చాక చూసుకుందాంలే అనుకునే పనులు కావు.

మందుల గురించి కూడా. పారాసిటమాల్‌ని అమెరికా, కెనడాల్లో ఎసిటమినోఫెన్ అంటారు, మందు అదే. పేరుకన్నా ముఖ్యమైనది గాఢత. పసిపిల్లల చుక్కల మందులో ఒక ఎం.ఎల్.లో 100 మిల్లీగ్రాములు ఉండొచ్చు, సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 120 మాత్రమే ఉండొచ్చు. అంటే మొదటిది రెండోదానికన్నా నాలుగు రెట్లు పైన. అక్కడ 5 ఎం.ఎల్. పోశాం కదా అని ఇక్కడి సీసాలోంచి కూడా 5 పోస్తే ఎంత తేడా వస్తుందో చూడండి. బిడ్డ బరువుని బట్టి ఎన్ని మిల్లీగ్రాములు ఇవ్వాలో బయలుదేరే ముందే డాక్టర్ చేత రాయించుకోండి. మందులు అసలు పెట్టెలోనే, చీటీతో సహా చేతి బ్యాగులో ఉండాలి, సూట్‌కేసులో కాదు. చేతి సామానులో ద్రవాలకి చాలాచోట్ల 100 ఎం.ఎల్. హద్దు ఉన్నా, పసిపిల్లల పాలకీ, తిండికీ, మందులకీ సాధారణంగా ప్రయాణానికి సరిపడా అనుమతిస్తారు. స్కానర్ దగ్గర అవి బయటికి తీసి మీరే ముందు చెప్పండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఉయ్యాల కావాలంటే టికెట్ కొన్న వెంటనే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చెయ్యాలి, అవి కొన్నే ఉంటాయి, బరువు హద్దు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. కుదుపులు వచ్చి బెల్టు లైటు వెలిగినప్పుడల్లా బిడ్డని అందులోంచి తీసేయాలి, కాబట్టి రాత్రంతా దాంట్లో పడుకుంటాడని నమ్ముకోకండి. రెండేళ్లు నిండితే ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్ చెల్లదు, వచ్చేటప్పుడు రెండు నిండకపోయినా తిరుగు ప్రయాణానికి నిండితే దానికి సీటు కొనాల్సిందే. ఒక్కరే తీసుకొస్తుంటే రెండోవారి సమ్మతి పత్రం, పుట్టిన సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, కొన్ని దేశాల్లో అడుగుతారు. టీకాల కార్డు కూడా, తర్వాత స్కూల్లో అదే అడుగుతారు. మార్చుకునే బట్టలు బిడ్డకే కాదు, మీకూ ఒక జత. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కారులో వెళ్లాలంటే చాలా దేశాల్లో పిల్లల సీటు తప్పనిసరి, అది ముందే బిగించి తీసుకురమ్మనండి.

నిద్ర గురించి ఒక్క మాట. శరీరం కొత్త సమయానికి రోజుకి సుమారు ఒక గంట చొప్పున జరుగుతుంది, తూర్పు వైపు వెళ్తే ఇంకాస్త కష్టం. పది గంటల తేడా ఉంటే వారం పది రోజులు రాత్రి రెండింటికి లేచి ఆడుకుంటారు, తిండి అడుగుతారు. పెట్టండి, లైట్లు మాత్రం తక్కువగా ఉంచండి, పగలు ఎండలోకి తీసుకెళ్లండి. కానీ ఆ పేరు చెప్పి నొప్పిని మాలా దాటవేయకండి. ఆడుకోడానికి లేచినవాడు నవ్వుతాడు. పడుకోబెట్టగానే ఏడ్చి, ఎత్తుకుంటే కాస్త ఊరుకుని, చెవి ముట్టుకుంటే తల తిప్పేసుకుంటే, జ్వరం ఉంటే, అది టైం మార్పు కాదు.

భయపెట్టానేమో. సరే, ఇది కూడా చెప్పాలి. చాలామంది పిల్లలకి ఏమీ కాదు. దిగేటప్పుడు కాసేపు ఏడ్చి, కిందికి రాగానే మర్చిపోతారు. ఏమిచ్చినా తాగకుండా ఏడుస్తూనే ఉంటే ఏడవనివ్వండి, ఏడ్చేటప్పుడు కూడా ఆ గొట్టం తెరుచుకుంటుంది, మీరు ఏదో తప్పు చేశారని కాదు. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూడకండి, మళ్లీ జన్మలో కలవరు. మావాడి చిల్లు నెలన్నరకి పూర్తిగా మూసుకుందని డాక్టర్ చూసి చెప్పారు, వినికిడి పరీక్షలో కూడా ఏ లోటూ లేదు. ఆ తర్వాత వాడు నాలుగుసార్లు విమానం ఎక్కాడు. ఇప్పుడు తెర మీద అంకె తగ్గడం చూసి వాడే "అమ్మా, నీళ్లు" అని అడుగుతాడు.

ఆదివారం పొద్దున్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. జ్వరం లేదట, చెవి ముట్టుకున్నా ఏడవట్లేదట, రాత్రి మూడింటికి లేచి వంటింటి గిన్నెలన్నీ బయటికి లాగిందట. అయినా సోమవారం డాక్టర్‌కి ఒకసారి చూపించమన్నాను. వాళ్ల ఆయన ఇంకా ఎవరి దగ్గరా పేరు రాయించలేదట. మా డాక్టర్ నంబరు ఇచ్చాను.