పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఎలా? తిరుమల పిన్‌కోడ్‌తో నేర్చుకోండి

ఆరంకెల సంఖ్య ఇచ్చి దాని కారణాంకాలు చెప్పమంటే చాలామంది రెండు, మూడు, ఐదో ఎక్కాల్లో చూస్తారు. పోకపోతే ప్రధాన సంఖ్య, అంటే 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోనిది, అని రాసేస్తారు. అలా రాయకూడదు. సరైన పద్ధతి కోసం తిరుమల పిన్‌కోడ్ 517504 తీసుకుందాం.

నోటుపుస్తకం, పెన్ను, వెయ్యిలోపు ప్రధాన సంఖ్యల పట్టిక ఉంటే చాలు. క్యాలిక్యులేటర్ చివర్లో సరిచూసుకోవడానికే.

ముందు రెండుతో పోయినంతవరకూ భాగించండి: 258752, 129376, 64688, 32344, 16172, 8086, 4043. ఏడుసార్లు పోయింది.

అసలు చిక్కు 4043 దగ్గర. అంకెల మొత్తం 11, మూడుతో పోదు. చివర సున్నా గానీ ఐదు గానీ లేదు. ఏడుతో శేషం 4. ఒకటి విడిచి ఒకటి కూడితే 8, 3 వస్తాయి. తేడా 5, కాబట్టి పదకొండుతోనూ పోదు. సరిగ్గా ఇక్కడే విసుగొచ్చి ఆపేస్తారు. దయచేసి ఆపకండి. ఎక్కడ ఆపాలో చెప్పేది వర్గమూలం, మన ఓపిక కాదు.

63×63 = 3969, 64×64 = 4096. అంటే 4043ని రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగితే రెండూ 64కి తగ్గకుండా ఉండడం కుదరదు. చిన్నది 63 లోపే దొరకాలి. కాబట్టి 61 వరకు ప్రతి ప్రధాన సంఖ్యతోనూ చూడాలి, ఒక్కటీ వదలకూడదు. ఆ తర్వాత చూడక్కర్లేదు. మనకు 13 దగ్గరే పోయింది: 13×311.

311ని అలాగే నమ్మేయకండి. దానికి హద్దు మారింది: 17×17 = 289, 18×18 = 324. పదకొండు వరకు ముందే తేలిపోయింది గనుక 13, 17 మిగిలాయి. 13తో ఒకసారి పోయింది కదా అని వదిలేస్తారు, మళ్లీ చూడాలి. శేషాలు 12, 5. ఇప్పుడు ధైర్యంగా ప్రధాన సంఖ్య అనండి.

తిరుపతి పిన్‌కోడ్ 517501కైతే హద్దు 719. అక్కడిదాకా 128 ప్రధాన సంఖ్యలున్నాయి, ఒక్కదానితోనూ పోదు. అది నికార్సైన ప్రధాన సంఖ్య. పూటంతా పట్టినా ఆ 128 చూశాకే ఆ మాట అనాలి.

బడుల్లో కారణాంక వృక్షం గీయిస్తారు. ఇరవై నాలుగుకో ముప్పై ఆరుకో సరే. ఏడు రెండ్లున్న సంఖ్యకు కొమ్మలు పెరిగి ఏదో ఒక రెండు లెక్కలోంచి జారిపోతుంది. నిలువు భాగహారమే చేయాలి. ఎడమ వరుసలోని భాజకాలు లెక్కపెడితే ఘాతం, అంటే ఏ ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో, తెలిసిపోతుంది.

వచ్చింది 2⁷ × 13 × 311. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణించండి: 8×2×2 = 32 కారణాంకాలు. వాటి మొత్తానికి 255×14×312 = 1113840. ఇందులో 255 అంటే 1 నుంచి 128 వరకు రెండింతలవుతూ వచ్చే సంఖ్యల మొత్తం. మిగతావి 1+13, 1+311. అసలు సంఖ్యను తీసేస్తే 596336. ఇది 517504 కన్నా ఎక్కువ, కాబట్టి సమృద్ధ సంఖ్య. సమానమైతే పరిపూర్ణ సంఖ్య, తక్కువైతే న్యూన సంఖ్య అయ్యేది. 517501లో తనను తీసేస్తే మిగిలేది 1 ఒక్కటే, అది న్యూన సంఖ్య. ప్రధాన సంఖ్యలన్నీ అంతే.