నౌపడ (శ్రీకాకుళం జిల్లా తీరం) ఉప్పులో క్లోరైడ్, సల్ఫేట్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

- డిస్టిల్డ్ వాటరే వాడండి. తీరం పక్క బోరు నీటిలో క్లోరైడ్ ఎలాగూ ఉంటుంది. ఉప్పు వేయకముందే సిల్వర్ నైట్రేట్ (క్లోరైడ్‌ను పట్టి చూపే ద్రావణం) చుక్కకు నీరు తెల్లబడుతుంది, ఫలితం నమ్మలేం. ఉప్పు వేయని డిస్టిల్డ్ వాటర్‌తో ఒక గొట్టం వేరుగా పరీక్షించి, పోల్చడానికి పక్కన పెట్టుకోండి.
- రాళ్ల ఉప్పులో మట్టి ఉంటుంది. 1 గ్రాము 100 మి.లీ. నీటిలో కరిగించి వడకట్టండి.
- సిల్వర్ నైట్రేట్ కంటే ముందు సజల నత్రికామ్లం 5 చుక్కలు. కార్బొనేట్ ఉంటే అదీ సిల్వర్‌తో అవక్షేపమవుతుంది (కరగని పొడిగా విడిపోతుంది), ఆమ్లం దాన్ని ముందే పోగొడుతుంది. ఇక్కడ హైడ్రోక్లోరికామ్లం అస్సలు వద్దు, క్లోరైడ్‌ను మనమే కలిపినట్టవుతుంది.
- సల్ఫేట్‌కు కొత్త గొట్టం. సజల హైడ్రోక్లోరికామ్లం, తర్వాత బేరియం క్లోరైడ్.
- సల్ఫేట్ ఉంటే తెల్లగా ఏర్పడే బేరియం సల్ఫేట్ కరగదు. బేరియం క్లోరైడ్ కరుగుతుంది, అందుకే విషం: నోటితో పిపెట్ పీల్చకండి.
- సిల్వర్ నైట్రేట్ చర్మాన్ని నల్లబరుస్తుంది. గ్లౌజులు, గోధుమరంగు సీసా తప్పనిసరి.