నెరిసిన టేకు దర్వాజను బాగుచేసుకునే పద్ధతి

వరంగల్, హనుమకొండ పాత వాడల్లో వీధి దర్వాజలను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. సజ్జా నీడన ఉన్న పైభాగం ఇంకా తేనె రంగులోనే ఉంటుంది. మోకాలి ఎత్తు నుంచి కిందికి మాత్రం చెక్క బూడిద రంగుకు తిరిగి, తడి వేలితో రుద్దితే వేలికి మసి అంటేటట్టు ఉంటుంది. టేకు నెరిసిందంటే చెడిపోయిందని భావించి చాలామంది దానిపై ముదురు ఎనామిల్ రంగు పూయించి ఊరుకుంటారు. నిజానికి జరిగేది వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విడగొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన సెల్యులోజ్ పోగులు దుమ్ముతోనూ బూజుతోనూ కలిసి బూడిద రంగుగా కనిపిస్తాయి. ఈ మార్పు సాధారణంగా మిల్లీమీటరులో కొంత భాగానికి మించి లోపలికి పోదు. దాని కింద చేవ గట్టిగానే ఉంటుంది. కాబట్టి తీయవలసినది ఆ పలుచని పొర మాత్రమే. ఎండావానలు పదేళ్ళలో తీయని చెక్కను తొందరపడిన మనిషి ఒక్క మధ్యాహ్నంలో తీసేయగలడు.

పనికి కార్తీకం నుంచి మాఘం వరకు ఉన్న పొడి నెలలు అనువైనవి. వానాకాలంలో చెక్క లోపలి తడి ఆరదు. ఎండలు 40 డిగ్రీలు దాటిన రోజుల్లో వార్నిష్ పైపొర ముందే ఆరిపోయి, లోపల చిక్కిన ద్రావకం బుడగలై పైకి లేస్తుంది. చలికాలంలో ఒక్కటే జాగ్రత్త, ఉదయపు మంచు పూర్తిగా ఆరిన తరువాతనే కుంచె పట్టాలి.

ముందుగా చెక్కను పరీక్షించాలి. స్క్రూడ్రైవర్ పిడితో దర్వాజ పొడవునా తట్టుకుంటూ పోతే గట్టి చోట ఒక శబ్దం, గుల్లబారిన చోట మరో శబ్దం వస్తుంది. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలు, టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చెదలను దూరంగా ఉంచుతాయి గాని, చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ రక్షణ లేదు. ఆదిలాబాద్ అడవుల టేకైనా సరే, కోసినప్పుడు అంచున తెల్ల చెక్క మిగిలితే చెదలు అక్కడినుంచే మొదలవుతాయి. గోడకు ఆనుకునే వెనుక అంచును, గడప రెండు కొనలను ప్రత్యేకంగా చూడాలి. గుల్లబారిన చోటు దొరికితే మెరుగు సంగతి పక్కనపెట్టి ముందు వడ్రంగిని పిలిపించడం మంచిది.

తరువాత తలుపు రెక్కలను మడతబందుల నుంచి విప్పి రెండు బల్లలపై పడుకోబెట్టాలి. ఇది బరువైన పనే, ఇద్దరు మనుషులు కావాలి. అయినా విప్పకుండా చేస్తే రెక్క కింది అంచుకు ఏ పూతా అందదు. చెక్క నీటిని ఎక్కువగా పీల్చేది పలక ముఖం నుంచి కాదు, అడ్డంగా కోసిన కొనల నుంచి. నేను చూసిన పాత తలుపుల్లో అడుగున ఎన్నడైనా కుంచె తగిలిన ఆనవాలు ఉన్నవి చాలా తక్కువ.

కడగడానికి గోరువెచ్చని నీరు, కొద్దిగా సబ్బు, మెత్తని నైలాన్ బ్రష్ చాలు. టేకులో గట్టి గీతల నడుమ మెత్తని గీతలు ఉంటాయి. నార వెంట గట్టిగా తోమితే మెత్తనివి లేచిపోయి కాలువలు పడతాయి. అందుకే నారకు అడ్డంగా, చేయి తేలికగా ఆడిస్తూ తోమాలి. కార్లు కడిగే ప్రెషర్ యంత్రం కూడా ఇదే నష్టం కలిగిస్తుంది, కాకపోతే మరింత వేగంగా. ఏళ్ళ తరబడి పసుపు రాసిన గడపపై సబ్బు నీరు పడగానే పసుపు ఎర్రబారుతుంది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబారడం వంటిదే ఇదీ. కంగారు పడనక్కరలేదు, రెండు మూడుసార్లు కడిగితే చాలావరకు పోతుంది, రంధ్రాల్లో మిగిలినది ఎండకు వెలిసిపోతుంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. మా ఇంటి దర్వాజను మొదటిసారి బాగుచేసినప్పుడు, పని త్వరగా తెములుతుందని గిన్నెలు తోమే ఇనుప పీచుతో రుద్దాను. ఆ రోజు చెక్క మెరిసిపోయింది. తొలకరి జల్లు పడిన వారానికి తలుపు నిండా ఆవగింజలు చల్లినట్టు నల్లని చుక్కలు తేలాయి. పీచు నుంచి విరిగిన ఇనుప పోగులు చెక్కలో దిగబడి తుప్పు పట్టగా, ఆ ఇనుము చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నలుపెక్కింది. పూసిన వార్నిష్ అంతా తీసి పని మొదటికి తెచ్చుకోవలసి వచ్చింది. మామిడి తోరణానికి కొట్టిన ఇనుప మేకుల చుట్టూ కనిపించే నల్లని మచ్చలు కూడా ఈ జాతివే.

అటువంటి మచ్చలకు, కడిగినా పోని బూడిద రంగుకు ఆక్జాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు వేడి నీటికి 60 నుంచి 80 గ్రాముల పొడి కలిపి, మచ్చ ఉన్న చోట మాత్రమే కాకుండా పలక మొత్తానికి కుంచెతో పూయాలి. మచ్చ వరకే పూస్తే అక్కడ తెల్లని గుండ్రటి గుర్తు మిగులుతుంది. పదిహేను, ఇరవై నిమిషాల పాటు ఆరిపోకుండా తడి నిలిపి, ధారాళంగా కడగాలి. ఆపై లీటరు నీటికి రెండు చెంచాల వంట సోడా కలిపిన నీటితో ఒకసారి, మంచినీటితో మరొకసారి కడగాలి. ఇది విషపదార్థం: చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి, పిల్లలను ఆ దరిదాపులకు రానీయకూడదు. వాకిలిలో షాబాద్ బండలో తాండూరు బండలో పరచి ఉంటే వాటిపై ముందుగా ప్లాస్టిక్ పట్టా కప్పాలి. అవి సున్నపురాళ్ళు, ఆమ్లం చుక్క పడిన చోట పాలిపోయిన మచ్చ నిలిచిపోతుంది. గ్రానైట్ అయితే అంత భయం లేదు.

కడిగిన చెక్క నీడలో కనీసం మూడు నాలుగు రోజులు ఆరాలి. ఎండలో ఆరబెడితే పలకలు వంపు తిరుగుతాయి, పగుళ్ళు విచ్చుకుంటాయి.

ఆరిన తరువాత పేపర్ కొట్టడం, అంటే గరుకు కాగితంతో రుద్దడం. బాగా గరుకుతేలిన చోట మాత్రమే 80 నంబరు, మిగిలిన చోట 120తో మొదలుపెట్టి 180, చివరికి 220. అక్కడ ఆపాలి, ఇంకా నునుపు చేస్తే పూత పట్టడానికి చెక్కకు పట్టు మిగలదు. కడిగేటప్పుడు నారకు అడ్డంగా అన్నాను గాని, ఇక్కడ నార వెంటే పోవాలి, ఎందుకంటే అడ్డంగా పడిన గీత పూత కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చేవ బయటపడుతున్నప్పుడు పాత తోలు వంటి వాసన వస్తుంది, రాలే పొడి బూడిద రంగు నుంచి పసుపు కలిసిన గోధుమ రంగులోకి మారుతుంది. ఆ రంగు రాగానే ఆ చోటు వదిలిపెట్టాలి. చెక్కడపు లతలలోకి, పద్మాల రేకుల సందుల్లోకి యంత్రం పోదు, పోనీయకూడదు కూడా; వెదురు పుల్లకు కాగితం చుట్టి ఓపికగా లాగాలి. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు తెప్పిస్తుంది కాబట్టి మాస్క్ వేసుకోవాలి. పాత రంగుల పొరలుంటే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి: ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబర్‌లో గాని అమలులోకి రాలేదు. అంతకుముందటి ఎనామిల్‌ను పొడిగా రుద్దకుండా, రంగు తీసే ద్రావణం (పెయింట్ రిమూవర్) పూసి మెత్తబడ్డాక గీరి తీయాలి.

పగుళ్ళలో లప్పం నింపితే ఒక వేసవికే ఊడివస్తుంది. టేకు చీలికను సన్నగా చెక్కి, రెండు వైపులా అసిటోన్ అనే ద్రావకంతో తుడిచి, ఎపాక్సీ జిగురుతో బిగించడమే నిలిచే మార్గం.

ఏ పూత వేయాలన్న దానిపై దుకాణదారు ఒకటి, పాలిష్ పనివారు ఒకటి చెబుతారు. ఫ్రెంచ్ పాలిష్, మెలమైన్ లోపలి గదులకు అందమే గాని, వీధి దర్వాజకు పనికిరావు. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ నీరు తగిలితే తెల్లబారుతుంది. సజ్జా నీడ ఉన్న తలుపులకు, అతినీలలోహిత కిరణాలను తట్టుకునే, ఆరుబయటికని డబ్బాపై రాసి ఉన్న వార్నిష్ నా ఎంపిక. గడపకు మాత్రం ఏ వార్నిషూ వద్దనే అంటాను. రోజూ కాళ్ళు, నీళ్ళు, పండుగకో పసుపు తగిలే చోట పొర ఎక్కడో చిట్లుతుంది, నీరు దాని కిందికి చేరి పెచ్చులుగా లేస్తుంది. గడపకు టేకు నూనె పట్టించి, పదిహేను నిమిషాలకు మిగులు తుడిచి, ఏడాదికి రెండు మూడుసార్లు అదే చేస్తే సరిపోతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. టేకు నూనెల్లో సాధారణంగా కలిసి ఉండే అవిసె నూనె వంటివి ఆరుతూ వేడిని పుట్టిస్తాయి, గుడ్డలు వాటంతటవే అంటుకున్న సందర్భాలున్నాయి. వాటిని నీటిలో ముంచి, విప్పి ఆరవేయాలి.

వార్నిష్ వేసే ముందు చెక్కను అసిటోన్‌తో తుడవాలి. టేకులోని నూనె పైకి ఊరి ఉంటే పూత పట్టదు. తుడిచి ద్రావకం ఆవిరైన వెంటనే, నూనె మళ్ళీ ఊరకముందే, మొదటి పూత పడాలి. ఆ పూతలో డబ్బాపై చెప్పిన థిన్నర్‌ను సగానికి సగం కలిపితే అది చెక్కలోకి ఇంకుతుంది. రెండవదానికి నాలుగో వంతు చాలు, ఆ తరువాతివి చిక్కగానే. పూతకు పూతకు నడుమ ఒక రోజు ఆరనిచ్చి, 320 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, తడిగుడ్డతో దుమ్ము తీసి ఆరనివ్వాలి. ఐదారు పూతలు లేనిదే వీధి తలుపుకు రక్షణ చాలదు. కొనలకూ కింది అంచుకూ ఇంకో రెండు ఎక్కువ వేయాలి.

తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి మరలు, తోరణానికి ఇత్తడి మేకులు వాడాలి. ఏటా దసరాకు ముందు, ఇల్లు దులిపే రోజుల్లో, ఒక తడి గుడ్డతో తుడిచి చూస్తే మెరుపు తగ్గిన చోటు తెలుస్తుంది; అక్కడ కాస్త రుద్ది ఒక పూత వేస్తే అప్పటికి చాలు. అదే రోజు ఒక చిన్న అద్దాన్ని తలుపు కిందికి జరిపి, టార్చి వేసి, కింది అంచు పూత ఇంకా ఉందో లేదో చూడాలి.