ముంపు ఊరు గ్రామసభ తీర్మానం ఎలా రాసుకోవాలి

సర్వే రాళ్లు పాతేదాకా ఆగకండి. డ్యామ్ మాట ఊళ్లోకి వచ్చిన వారమే గ్రామసభ పెట్టుకోండి. గోదావరి ఏజెన్సీలో కోయ, కొండరెడ్డి గూడేలకు తీర్మానాలు రాసిపెడుతుంటాను. పోలవరం కింద కొన్ని ఊళ్లు ఖాళీ అయిపోయాయి, కొన్ని ఇంకా అక్కడే ఉన్నాయి. ఉన్నవాళ్ల చేతిలో గట్టి కాగితం ఉండాలని ఇది రాస్తున్నాను.

పంచాయతీ కేంద్రంలో జరిగిన సభకు మీ గూడెం నుంచి ఇద్దరు వెళ్లి సంతకం పెట్టి వస్తే, అది మీ గూడెం మాట కాదు. తన వ్యవహారాలు తన ఆచారం ప్రకారం నడుపుకునే గూడేన్ని ఊరుగానే చూడాలని, ప్రతి ఊరికీ గ్రామసభ ఉండాలని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది. అందుకే సభ మీ గూడెంలోనే పెట్టండి. అటవీ హక్కుల నియమాల ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. తునికాకు కోతల రోజుల్లో పొద్దున పెడితే ఆడవాళ్లు రాలేరు, సాయంత్రం పెట్టండి. కోయ గూడెంలో మాటలు కోయ భాషలోనే సాగనివ్వండి. తెలుగులో రాసినదాన్ని మళ్లీ కోయలో చదివి వినిపించాకే సంతకాలు.

అసలు పని తీర్మానం రాయడంలో ఉంది. ‘మేము డ్యామ్‌ను వ్యతిరేకిస్తున్నాము’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఏం మునుగుతుందో పేరుపేరునా రాయండి: వాగులు, కొండలు, పోడు చేలు, ఇప్పచెట్లు, వెదురు కొట్టే చోట్లు, పశువుల దారులు, దేవతల తావులు, సమాధులు. ఒక గూడెంలో ముసలమ్మ ఒకావిడ మమ్మల్ని వాగు గట్టుకు తీసుకెళ్లి, తన అత్తను పాతిన చోట నిలబడి, ఆ పక్కనున్న చింతచెట్టు ఎవరు నాటారో, ఏ ఏడు కాపు మొదలైందో చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాసి, వేలిముద్ర వేయించి జతపరిచాం. హక్కు అడుగుతున్నవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే, అటవీ హక్కుల నియమాల్లో అది సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు కూడా సాక్ష్యాలే.

తర్వాత చట్టం. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ అటవీ భూమి నుంచి ఖాళీ చేయించకూడదని 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) అంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 అంటుంది. ఈ రెండింటినీ తీర్మానంలో పేర్కొనండి. ఒడిశాలో నియమగిరి గని విషయంలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 ఊళ్లు విడివిడిగా సభ పెట్టుకుని పన్నెండూ వద్దన్నాయి. అక్కడ గని, ఇక్కడ డ్యామ్, కానీ గ్రామసభ మాటకున్న విలువ ఒకటే.

పునరావాస ప్యాకేజీ డిమాండ్లను మాత్రం ఈ తీర్మానంలో కలపకండి. ఒకే కాగితంలో ‘వద్దు’ అనీ, ‘ఇస్తే ఇంత ఇవ్వండి’ అనీ ఉంటే, రెండోదాన్ని ఒప్పుకోలు కింద చూపిస్తారు. పునరావాసం మీద వేరే రోజు వేరే తీర్మానం చేయండి. నీటి ప్రాజెక్టులో ముంపుకు 6 నెలల ముందే పునరావాసం పూర్తవ్వాలి, పెళ్లయినా కాకున్నా వయసొచ్చిన ప్రతి ఒక్కరినీ వేరే కుటుంబంగా లెక్కించాలి. ఇవి అందులో రాయండి.

కాంటూరు (ఏ ఎత్తుదాకా మునుగుతుందో చూపే గీత) లెక్కనూ గుడ్డిగా నమ్మకండి. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, మొదటి దశలో నీళ్లు నింపుతామంటున్నది 41.15 దాకా. ‘మీ ఊరు మొదటి దశలో లేదు’ అంటే ముంపు లేదని కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పుడు నీళ్లు మీ ఇళ్లలో ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గీత గీసి, ఫొటో తీసి జతచేయండి.

సంతకాల దగ్గర కళ్లు తెరుచుకుని ఉండాలి. హాజరు కోసమని తెచ్చిన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ప్రతి పేజీ పైన సభ తేదీ, విషయం, పేజీ నంబరు రాసి, మిగిలిన ఖాళీని గీత కొట్టేయండి. వేలిముద్ర పక్కన పేరు ఉండాలి. కాపీలు కలెక్టరుకు, ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థ), ఆర్డీవోకు ఇచ్చి ముద్ర వేయించుకోండి. వాళ్లు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి.

కాగితంతోనే అంతా అయిపోదు. జార్ఖండ్‌లో కోయల్ కారో డ్యామ్‌ను ముండా ఊళ్లు ఏళ్ల తరబడి దారులకు అడ్డుకట్టలు కట్టి ఆపాయి. 2001 ఫిబ్రవరి 2న తప్కరాలో పోలీసు కాల్పుల్లో 8 మంది చనిపోయారు, అయినా ఊళ్లు కదల్లేదు, డ్యామ్ కట్టలేదు. మీ ఊళ్లోనూ ఎవరొచ్చారు, ఏ శాఖ, ఏం కొలిచారు అని రోజూ రాసే నోటుబుక్కు ఒకటి పెట్టి, చదువుకున్న ఆడపిల్లకు అప్పగించండి. తీర్మానం అసలు కాపీని మాత్రం ఊళ్లో ఉంచకండి. వరదకు పట్టాలు కూడా కొట్టుకుపోతాయి, నీళ్లెక్కని పై ఊళ్లో చుట్టాలింట్లో దాచండి.